సర్ రోనాల్డ్ రాస్ గారి చరిత్రము

మహేంద్రగిరి దాపున పుట్టి పెరిగిన మనకు మన్యపు జ్వరమను మాట క్రొత్తది గాదు. కొండనీరు త్రాగినవారికిని, అడవిగాలి సోకినవారికిని ఆ చలిజ్వరము వచ్చునని మన పెద్దలు చెప్పుచుండెడివారు. పాశ్చాత్యులును అంతకంటె నెక్కువ యెఱిగియుండలేదు. మలేరియా యను పేరునకు ఇటలీ భాషలో చెడుగాలి యనియే యర్థము. ఆ జ్వరము గాలివలన గాక దోమవలన వచ్చునని తెలియుటకు దారి చూపిన ఘనులు సర్ రోనాల్డ్ రాస్ గారు. వారి కా దారి దొరకినది లండనులో గాదు, పారిసులో గాదు; సికిందరాబాదులో.

రాస్ గారు 1857వ సంవత్సరము మే నెల 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించిరి. తండ్రి సైన్యాధికారి. ఎనిమిదవ యేట బాలుని చదువునకై ఇంగ్లండునకు పంపిరి. ఆ బాలునకు చిత్రలేఖనమందును, కవిత్వమందును మక్కువ. వైద్యమన్న నిష్టము లేదు. అయినను తండ్రి మాట కాదనలేక 1874లో లండనునందలి సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో విద్యార్థిగా చేరిరి. అచ్చట ఆయన పేరుమోసిన విద్యార్థి గారు. ఒక పరీక్షలో తప్పి, కొంతకాలము ఓడలో వైద్యుడుగా తిరిగి, మరల పరీక్షకు కూర్చుండి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించిరి. పరీక్షలో తప్పినవా రీ మాట విని సంతోషింతురేమో గాని, తరువాతి కథయు వినవలెను.

మదరాసు రాజధానిలో ఉద్యోగించుచు 1883లో బెంగుళూరునకు వచ్చిరి. తమ బసలో దోమలు మెండుగా నుండుటకు కారణమేమని వెదకగా, కిటికీ దాపున నున్న నీటితొట్టిలో దోమపిల్లలు కనబడెను. తొట్టి నీరు పారబోయించినంతనే దోమలు తగ్గెను. ఆనాడు దీనికిని జ్వరమునకును సంబంధమున్నదని ఆయనకు తోచలేదు.

1880లో లావెరాను అను ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్జీరియాలో మలేరియా రోగి రక్తమునందు సూక్ష్మజీవులను కనుగొనెను. ఆ జీవులలో నల్లని రంగుపొడి వంటి రేణువు లుండును. 1894లో రాస్ గారు సెలవుపై లండనున నుండగా పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు వానిని సూక్ష్మదర్శినిలో చూపి, ఇవి దోమ కడుపులో పెరుగుచుండవచ్చునని తన యూహను తెలిపెను. అది మొదలు రాస్ గారికి వేఱు తలపు లేదు. 1895లో సికిందరాబాదునకు వచ్చి, పటాలపు వైద్యుడుగా పనిచేయుచునే దోమలను కోయుట కారంభించిరి.

మాన్సన్ గారి యూహలో సగము సత్యము, సగము పొరపాటు. రక్తము త్రాగిన దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆయన తలచెను. రాస్ గా రట్టి నీటిని కొందఱు పేదవారికి కూలి యిచ్చి త్రాగించి చూచిరి. నేటి కాలమున నిట్టి పరీక్షను ఎవరును అనుమతింపరు, అనుమతింపనును రాదు. ఫలితమును తేలలేదు. రెండేండ్లు దోమ వెనుక దోమను కోసిరి గాని, అవి యన్నియు ఇండ్లలో తఱచుగా దొరకు వేఱు జాతుల దోమలే. వానిలో మనుష్యుల మలేరియా జీవి పెరుగదు. నడుమ నీలగిరి ప్రాంతమునకు పోయి తామే జ్వరము తెచ్చుకొనిరి.

1897 ఆగస్టు మాసమున సహాయకులు క్రొత్తరకము దోమపిల్లలను తెచ్చిరి. సీసాలో పెంచగా చుక్కల రెక్కలుగల గోధుమవన్నె దోమలు వెలువడెను. హుసేన్ ఖాన్ అను జ్వరరోగిని దోమతెరలో పరుండబెట్టి, 16వ తేదీన ఆ దోమలచేత కుట్టించిరి. కుట్టిన దోమ కొక అణా చొప్పున ఆతనికి కూలి. వేసవి తీరని ఉక్క. పంకా వేసినచో కోసిన దోమ లెగిరిపోవును. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను, అద్దము పగిలియుండెను. మిగిలిన దోమలు రెండు మూడు. 20వ తేదీన నొకదానిని కోసి కడుపు గోడను వెదకుచుండగా, అంతకు మున్నెన్నడు చూడని గుండ్రని కణములు కానవచ్చెను. వానిలో లావెరాను చూపిన ఆ నల్లని రేణువులే యుండెను. మఱునాడు ఇంకొక దోమను కోయగా ఆ కణములు మఱింత పెద్దవై యుండెను. ఒకనాటికంటె మఱునాడు పెరిగినవనగా ప్రాణముతో నున్నవన్నమాట. ఈ సంగతి ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో ప్రకటింపబడెను. ఆగస్టు 20వ తేదీని నేడు ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు.

పని ఫలించునంతలో రాస్ గారికి రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ యయ్యెను. అచ్చట మలేరియా అరుదు. పిమ్మట 1898లో కలకత్తాలో పరిశోధనకు అవకాశము దొరకెను గాని, ప్లేగు టీకాలకు జడిసిన ప్రజలు వైద్యుని చూచిన పాఱిపోవుచుండిరి. అందుచే ఆయన పిచ్చుకల మలేరియాను పట్టుకొనిరి. మహమ్మద్ బక్ష్ అను సహాయకుడు తోడ్పడగా, జూలై మాసమున ఆ జీవులు దోమ లాలాజలపు గ్రంథులను చేరుననియు, దోమ కుట్టినప్పుడు ఆరోగ్యముగల పిచ్చుకకు సంక్రమించుననియు రుజువు చేసిరి. ఆ యేడే ఇటలీలో గ్రాస్సీ మొదలగువారు మనుష్యుల విషయమున ఇదియే సత్యమని చూపిరి. ఎవరు ముందను తగవు వారి నడుమ చాలకాలము సాగెను. రాస్ గారు కోపిష్ఠి. దారి చూపిన మాన్సన్ గారితోను వ్యాజ్యెమునకు దిగిరి. మహనీయులందఱు శాంతమూర్తులని విద్యార్థులు తలపరాదు.

1899లో ఉద్యోగము వదలి, అంతకు ముందటి సంవత్సరమే స్థాపింపబడిన లివర్‌పూలు ఉష్ణదేశ వైద్య పాఠశాలలో రాస్ గారు ఉపాధ్యాయులైరి. లివర్‌పూలు ఓడరేవు. బారువ రేవును చూచినవారికి రేవనగా నేమో తెలియును గాని, ఇది పడమటి ఆఫ్రికా వర్తకమంతయు దిగు రేవు. సరకుతోపాటు జ్వరపీడితులగు నావికులును దిగుచుండిరి. ఓడల యజమానులే ధనము కూర్చి పాఠశాలను నిలిపిరి. 1903లో అచ్చటి కళాశాల విశ్వవిద్యాలయమై, రాస్ గా రచట ఆచార్యులుగా నుండిరి. అంతకు ముందటి యేడే వారికి నోబెల్ బహుమానము లభించెను.

ఆ పాఠశాల పద్ధతి విశేషమైనది. గదిలో కూర్చుండి వ్రాయుట గాక, రోగమున్న చోటికే పండితులను పంపి, వారు చూచినదానిని గ్రంథములుగా ప్రకటించుచుండెను. తొలి ప్రపంచయుద్ధమునకు ముందే ముప్పదికి పైగా బృందములు వెడలెను. 1907లో తమ పత్రికను నెలకొల్పిరి. ఎవరెట్ డట్టన్ అను యువకుడు ఆఫ్రికా నిద్రరోగమునకు కారణమగు జీవిని మనుష్యుని రక్తమున గుర్తించెను. పిమ్మట కాంగోలో పిడుదులవలన వచ్చు జ్వరమును పరిశోధించుచు, అదే జ్వరము సోకి 1905లో మరణించెను. అప్పటి కాతడింకను యువకుడే. ఒక విశ్వవిద్యాలయము వెలువరించిన పత్రముల నెన్నువారు ఇట్టి వెలను గూడ లెక్కింపవలెను.

రాస్ గారి బుద్ధి పిమ్మట గణితము మీదికి మరలెను. 1907లో మారిషసునకు పోయి వచ్చిన పిమ్మట వారిట్లు తర్కించిరి. దోమలలో కొన్నియే మనుష్యుని కుట్టును; కుట్టినవానిలో కొన్నియే రోగిని కుట్టినవి; వానిలోను జీవి పెరుగువరకు బ్రదుకునవి కొన్ని; అట్లు బ్రదికి మరల మనుష్యుని కుట్టునవి మఱియు కొన్ని. కావున దోమల నన్నిటిని చంప నక్కఱలేదు, వాని సంఖ్య ఒక హద్దునకు దిగువకు వచ్చిన జ్వరము తనంతట తానే తగ్గిపోవును. నేడు అంటువ్యాధుల లెక్కలు వేయువారందఱు ఈ త్రోవనే నడచుచున్నారు. అయినను మలేరియా పోలేదు. 2023లో లోకమున దాదాపు 6 లక్షలమంది దానివలన మరణించిరి.

మన ఉద్దానమున కవిటి, సోంపేట మొదలగు చోట్ల మూత్రపిండముల వ్యాధి ఎన్ని యిండ్లను కూల్చెనో వేఱుగ చెప్ప నక్కఱలేదు. దాని మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరున పలాసలో దానికై పరిశోధన కేంద్రమును, ఆసుపత్రియు తెఱచిరి. పరీక్షకులు వచ్చి రక్తమును, బావినీటిని పట్టుకొనిపోవుట మన గ్రామములకు క్రొత్తగాదు. ఇన్నిమార్లు ఇచ్చితిమి, ఏమి తేలినదని విసుగుకొనువారి నెవరు తప్పు పట్టగలరు? అయినను సికిందరాబాదులో రాస్ గారి తొలి రెండేండ్ల దోమలును ఏమియు తేల్చలేదు. హుసేన్ ఖాన్ తెరలోనికి పోనిచో ఆ ఆగస్టును అట్లే గడచియుండును. ఇచ్చువారికి తేలినదేమో తెలుపుట మాత్రము తీసికొనువారి విధి.

1911లో రాస్ గారికి సర్ బిరుదము వచ్చెను. 1926లో లండనున వారి పేర పరిశోధనాలయము స్థాపింపబడెను. 1927లో కలకత్తాకు వచ్చి, తాము పనిచేసిన ఆసుపత్రియొద్ద తమ స్మారకద్వారమును తామే చూచిరి. 1931లో భార్య మరణించెను. మఱుసటి యేడు సెప్టెంబరు 16వ తేదీన తమ పేరిటి పరిశోధనాలయమునందే కన్నుమూసిరి. వారు దోమను కోసిన బేగంపేటలోని భవనము నేటికిని నిలిచియున్నది.