జార్జి సైమన్ ఓమ్

కడప జిల్లాలో ప్రొద్దుటూరు బజారున వెలుగు దీపములును, జమ్మలమడుగు ఇండ్లలో తిరుగు పంకాలును, పులివెందుల తోటలకు నీరెత్తు మోటార్లును విద్యుత్తుచే నడచుచున్నవి. ఆ ప్రాంతముననే, ఎర్రగుంట్ల సమీపమున, రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము 1994లో విద్యుదుత్పత్తి ప్రారంభించెను. తీగెలో ఎంత విద్యుత్తు ప్రవహించునో లెక్కించు సూత్రమును లోకమునకు తెలిపిన మహనీయుడు జార్జి సైమన్ ఓమ్.

ఓమ్ 1789 మార్చి 16వ తేదీన జర్మనీదేశమందలి ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడు. ఆయన స్వయంకృషిచే గణితము నేర్చి కుమారులకు తానే బోధించెను. ఓమ్ పదియేండ్ల ప్రాయమున తల్లిని కోల్పోయెను. 1805లో విశ్వవిద్యాలయమున చేరి, నృత్యములయందును మంచుపై జారు ఆటలయందును కాలము వ్యర్థము చేయగా తండ్రి కోపించెను. ఓమ్ చదువు మాని స్విట్జర్లాండునకు పోయి ఉపాధ్యాయుడయ్యెను. అచ్చట గణితగ్రంథములను శ్రద్ధతో పఠించి, మరలివచ్చి 1811లో డాక్టరు పట్టము పొందెను.

1817లో ఆయనకు కొలోన్ నగరపు ఉన్నత పాఠశాలలో ఉద్యోగము లభించెను. అచ్చట మంచి ప్రయోగశాల కలదు. కాని ఆ కాలపు బ్యాటరీలకు నిలుకడ లేదు. కొలుచుచుండగనే ప్రవాహము తగ్గిపోవుచుండెను. అందుచే పోగెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుని సలహాపై, బిస్మతును రాగిని జతపరచి, ఒక అతుకును మరుగు నీటిలోను రెండవదానిని మంచులోను ఉంచి, స్థిరమైన ప్రవాహమును సాధించెను. 2 అంగుళములు మొదలు 130 అంగుళముల వరకు పొడవుగల ఎనిమిది రాగితీగెలను ఒక్కొక్కటిగా కలిపి కొలిచెను. తీగె పొడవైన కొలది ప్రవాహము తగ్గెను. తీగె కలిగించు ఈ ఆటంకమే నిరోధము. వోల్టేజిని ప్రవాహముచే భాగించినచో నిరోధము వచ్చును. ఉష్ణోగ్రత మారనంతవరకు లోహపు తీగెకు ఈ భాగఫలము మారదు.

1827లో ఓమ్ ఈ విషయమును గ్రంథముగా ప్రకటించెను. పండితులు దానిని ఆదరింపలేదు. ఆశించిన ఆచార్యపదవి దొరకలేదు. మనసు విరిగి 1828లో ఆయన ఉద్యోగమును వదలుకొనెను. బెర్లిను సైనిక విద్యాలయమున వారమునకు కొలది గంటలు గణితము చెప్పుచు కాలము గడపెను. 1833లో న్యూరెంబర్గున ఆచార్యుడయ్యెను. తుదకు 1841లో లండను రాయల్ సొసైటీ ఆయనకు కాప్లీ పతకము నొసగెను. కోరిన విశ్వవిద్యాలయ ఆచార్యపదవి 1852లో, అరువది మూడవ యేట, మ్యూనిక్ నగరమున లభించెను. రెండేండ్లకే, 1854 జూలై 6వ తేదీన, ఆయన కన్నుమూసెను.

1881లో పారిస్ నగరమున సమావేశమైన శాస్త్రజ్ఞులు నిరోధపు ప్రమాణమునకు ఓమ్ పేరు నిలిపిరి. 230 వోల్టులపై పనిచేయు హీటరు 4 ఆంపియర్లు తీసికొనినచో దాని నిరోధము 57.5 ఓములు. వోల్టులను ఆంపియర్లచే గుణించినచో సామర్థ్యము 920 వాట్లు. తోటలోని మోటారునకు సన్నని తీగెను దూరము లాగినచో నిరోధము పెరిగి, తీగె వేడెక్కి, మోటారునకు చేరు వోల్టేజి తగ్గును. అందుకే రైతు లావుపాటి తీగెను కొనును. ఏ పండితులును మెచ్చని దినములలో ఓమ్ ఓపికతో కొలిచిన కొలతలే నేడు ఆ రైతునకు నష్టము తప్పించుచున్నవి.