మంచు మైదానంలో మహారక్షకుడు – డగ్ హార్వే

గోలు సాధించిన ఆటగాని పేరు నలుదిశలా మారుమోగుతుంది. గోలు పడకుండా అడ్డుకున్నవాని పేరు ఆట ముగిసిన మరుక్షణమే మరుగున పడుతుంది. క్రీడారంగంలో ఇది అనాదిగా ఉన్న అన్యాయం. హాకీలో ఫుల్ బ్యాక్ స్థానంలో నిలిచి ఆడిన ప్రతి విద్యార్థికీ ఇది స్వానుభవమే. అటువంటి వెనుక పంక్తిలో ఇరవై సంవత్సరాల పాటు నిలిచి, ఆట స్వరూపాన్నే మార్చివేసి, కీర్తిశిఖరాన్ని చేరి, చివరకు ఆదరణకు దూరమై మరణించిన ఒక మహాక్రీడాకారుని జీవితాన్ని ఇక్కడ సంగ్రహంగా పరిశీలిద్దాం. ఆయనే కెనడా దేశీయుడైన డగ్లస్ నార్మన్ హార్వే. లోకం ఆయనను డగ్ హార్వే అని పిలిచింది.

ఆయన ఆడినది మనకు అలవాటైన పచ్చిక మైదానపు హాకీ కాదు, ఐస్ హాకీ. దాదాపు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల గడ్డకట్టిన మంచు మీద, ఉక్కు అంచుల స్కేట్లు ధరించి ఆడే ఆట అది. బంతికి బదులు పక్ అనే నల్లని రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఒక్కొక్క పక్షాన ఒక గోలు కీపరు, ఇద్దరు రక్షకులు, ముగ్గురు ఫార్వర్డులు వెరసి ఆరుగురు నిలుస్తారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆట సాగుతుంది. ఆటగాళ్ళు దూసుకువచ్చే వేగం వల్ల ఒకరినొకరు ఢీకొనడం, క్రింద పడడం, గాయపడడం నిత్యకృత్యాలు. రక్షకుడంటే బలిష్ఠుడై, ప్రత్యర్థిని ఢీకొని, పక్‌ను ఎంత దూరం వీలైతే అంత దూరం కొట్టివేసేవాడని హార్వే వచ్చేవరకు అందరూ భావించేవారు.

డగ్ హార్వే 1924 డిసెంబరు 19న మాంట్రియల్ నగరంలో జన్మించాడు. శీతకాలంలో నెలల తరబడి నీరు గడ్డకట్టే ఆ నగరంలో పిల్లలకు నడక తరువాత అబ్బే విద్య స్కేటింగే. బాల్యం నుండి ఆయన ఒక్క ఆటకే పరిమితం కాలేదు. ఫుట్‌బాల్, బేస్‌బాల్ క్రీడలలో కూడా ప్రావీణ్యం సంపాదించాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కెనడా నౌకాదళంలో పనిచేశాడు. యుద్ధానంతరం వేసవిలో ఒట్టావా జట్టు తరఫున వృత్తి బేస్‌బాల్ ఆడుతూ, శీతకాలంలో హాకీ ఆడాడు. 1947లో మాంట్రియల్ రాయల్స్ జట్టు అలన్ కప్ గెలుచుకోవడంలో పాలు పంచుకున్నాడు. అదే సంవత్సరం సుప్రసిద్ధమైన మాంట్రియల్ కెనేడియన్స్ జట్టులో ఆయనకు స్థానం లభించింది. ఆనాటి నేషనల్ హాకీ లీగులో ఉన్నవి ఆరు జట్లు మాత్రమే. కనుక అందులో చోటు దొరకడమే దుర్లభం.

తొలి దినాలలో ప్రేక్షకులు ఆయన ఆటను చూసి విసుగుకొన్నారు. పక్ చేతికి చిక్కిన వెంటనే దూరంగా కొట్టక, తన గోలు ముందరే తీరికగా త్రిప్పుతూ నిలిచే ఈ యువకుడు సోమరి అని అనుకొన్నారు. ప్రత్యర్థులు మీదికి దూసుకువస్తున్నా ఆయనలో తొట్రుపాటు కనిపించేది కాదు. వాస్తవానికి ఆ తీరిక వెనుక నిశితమైన ఆలోచన ఉంది. ప్రత్యర్థులు తనను చుట్టుముట్టేవరకు ఆగితే వారి వెనుక మైదానం ఖాళీ అవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ముందుకు పరుగెత్తే తన ఫార్వర్డు కర్రకు పక్‌ను గురి తప్పకుండా అందించేవాడు. రక్షణగా మొదలైనది కనురెప్పపాటులో దాడిగా పరిణమించేది. అవసరమైతే ఆటను మందగింపజేయడం, అవకాశం దొరికితే వేగిరపరచడం ఆయన చేతిలోని పని. మైదానంలోని మిగిలిన పదకొండు మందీ ఆయన నిర్ణయించిన వేగంలోనే ఆడవలసి వచ్చేది.

ఆయన గణాంకాలే ఇందుకు నిదర్శనం. లీగులో 1113 ఆటలాడి స్వయంగా సాధించిన గోళ్ళు 88 మాత్రమే. ఇతరులు సాధించిన గోళ్ళకు తోడ్పడిన సందర్భాలు 452. తాను కొట్టడం కంటె ఇతరుల చేత కొట్టించడంలోనే ఆయన ప్రతిభ ఉన్నది.

ఆయనకు పరాభవం ఎదురుకాలేదని కాదు. 1954 ఏప్రిల్ 16న డెట్రాయిట్ నగరంలో స్టాన్లీ కప్ అంతిమ పోరాటపు ఏడవ ఆట జరిగింది. సమయం ముగిసినా ఫలితం తేలక ఆట పొడిగింపబడింది. డెట్రాయిట్ ఆటగాడు టోనీ లెస్విక్ గాలిలోకి కొట్టిన పక్‌ను హార్వే చేతితో ఆపబోయాడు. అది ఆయన చేతి తొడుగుకు తగిలి దిశ మారి, గోలు కీపరు జెరీ మెక్‌నీల్‌ను దాటి గోలులో పడింది. ఆ సంవత్సరపు కప్ అంతటితో చేజారింది. అటువంటి క్షణం అనేకుల ఆత్మవిశ్వాసాన్ని నేలమట్టం చేస్తుంది. హార్వే మాత్రం మరుసటి సంవత్సరమే, అంటే 1955లో, లీగులో అత్యుత్తమ రక్షకునికి ఇచ్చే జేమ్స్ నారిస్ ట్రోఫీని మొదటిసారిగా అందుకొన్నాడు.

తరువాతి ఐదు సంవత్సరాలు ఐస్ హాకీ చరిత్రలో సువర్ణాధ్యాయం. శిక్షకుడు టో బ్లేక్ ఆధ్వర్యంలో మోరిస్ రిచర్డ్, జాన్ బెలివో, జాక్ ప్లాంట్ వంటి మేటి ఆటగాళ్ళతో కూడిన కెనేడియన్స్ జట్టు 1956 నుండి 1960 వరకు వరుసగా ఐదు పర్యాయాలు స్టాన్లీ కప్ గెలుచుకొన్నది. ఈ ఘనతను నేటికీ మరి ఏ జట్టూ సాధించలేదు. 1953 నాటి విజయంతో కలిపి హార్వేకు దక్కిన కప్పులు ఆరు. ఆ జట్టు బలం ఎంతటిదంటే దాని మూలంగా ఆట నియమమే మార్చవలసి వచ్చింది. చిన్న తప్పు చేసిన ఆటగాడు పూర్తి రెండు నిమిషాలు వెలుపల కూర్చోవాలన్నది పాత నియమం. 1955 నవంబరులో బోస్టన్ జట్టుపై అటువంటి అదనుచూసి బెలివో 44 సెకన్లలో మూడు గోళ్ళు సాధించాడు. ఆ దాడులను వెనుక నుండి నడిపించిన సూత్రధారి హార్వే. 1956లో లీగు అధికారులు నియమం సవరించి, ఒక్క గోలు పడగానే ఆ ఆటగాడు తిరిగి మైదానంలోకి రావచ్చునని నిర్ణయించారు.

మైదానం వెలుపల కూడా ఆయన రక్షకుడే. ఆనాటి ఆటగాళ్ళు జట్టు యజమానులకు కట్టుబడిన ఉద్యోగుల వంటివారు. యజమాని ఇష్టానుసారం ఒక నగరం నుండి మరొక నగరానికి బదిలీ కావలసిందే. తమ జీతాల నుండి చెల్లించే పింఛను నిధి లెక్కలు కూడా వారికి తెలిసేవి కావు. ఈ దుస్థితిని ఎదిరించడానికి 1957లో డెట్రాయిట్ ఆటగాడు టెడ్ లిండ్సే నాయకత్వాన ఆటగాళ్ళ సంఘం ఏర్పడింది. లీగులో అత్యున్నత స్థితిలో ఉన్న హార్వే ఆ సంఘానికి ఉపాధ్యక్షుడయ్యాడు. తనకు లోటు లేకపోయినా తోటివారి కోసం నిలబడ్డాడు. యజమానుల ఆగ్రహం త్వరలోనే బయటపడింది. లిండ్సేను ఆ సంవత్సరమే చికాగోకు పంపివేశారు. 1958 నాటికి సంఘం విచ్ఛిన్నమైంది. హార్వే వంటి రక్షకుణ్ణి వెంటనే వదులుకోవడానికి మాంట్రియల్ సాహసించలేదు. రిచర్డ్ విరమించిన తరువాత 1960-61లో ఆయనే జట్టు కెప్టెన్ కూడా అయ్యాడు. కాని 1961లో ఆయనను న్యూయార్క్ రేంజర్స్ జట్టుకు బదిలీ చేశారు. సంఘం ఏర్పాటులో ఆయన పాత్రకు అది ఆలస్యంగా వచ్చిన శిక్ష అని అనేకులు భావించారు.

న్యూయార్క్‌లో ఆయన ఏకకాలంలో ఆటగాడు, శిక్షకుడు. బలహీనంగా ఉన్న ఆ జట్టును తొలి సంవత్సరమే అంతిమ దశ పోటీలకు చేర్చి, 1962లో ఏడవసారి నారిస్ ట్రోఫీ గెలుచుకొన్నాడు. ఆయన కంటె ఎక్కువసార్లు, అంటే ఎనిమిది పర్యాయాలు, ఆ ట్రోఫీ పొందినవాడు బాబీ ఓర్ ఒక్కడే. అయితే శిక్షకుని అధికారం ఆయన స్వభావానికి సరిపడలేదు. తోటి ఆటగాళ్ళతో సమానంగా కలిసి మెలగడమే ఆయనకు ప్రీతి. మరుసటి సంవత్సరానికే ఆ బాధ్యతను వదులుకొన్నాడు. తరువాత కొన్నేళ్ళు చిన్న లీగులలో ఊరూరా తిరిగి ఆడాడు. 1968లో, నలభై మూడేళ్ళ వయస్సులో, కొత్తగా ఏర్పడిన సెయింట్ లూయీ బ్లూస్ జట్టులో చేరి, ఆ జట్టు స్టాన్లీ కప్ అంతిమ పోరాటానికి చేరడంలో తోడ్పడ్డాడు. అక్కడ ఎదురైనది తన పూర్వపు మాంట్రియల్ జట్టే. ఆ పోరాటంలో ఓటమి తప్పలేదు. మరొక సంవత్సరం ఆడి 1969లో లీగు నుండి విరమించాడు.

ఇక విషాద ఘట్టం. మంచు మీద ఎంతటి ఒత్తిడిలోనూ చలించని ఆ మనిషి లోలోపల తీవ్రమైన మానసిక వ్యాధితో పోరాడుతూ వచ్చాడు. మితిమీరిన ఉల్లాసం, ఆ వెంటనే అగాధమైన కుంగుబాటు దాని లక్షణాలు. బైపోలార్ అని నేడు పిలిచే ఆ వ్యాధిని వైద్యులు గుర్తించేనాటికి చాలా కాలం గడిచిపోయింది. ఈలోగా మద్యపానం ఆయనను లొంగదీసుకొన్నది. లోకం తాగుడును చూసింది, దాని వెనుక ఉన్న రోగాన్ని చూడలేదు. 1972లో హాకీ కీర్తిమందిరంలో ఆయనకు స్థానం లభిస్తుందని అందరూ ఎదురుచూడగా, ఎంపిక సంఘం ఆయనను ప్రక్కన పెట్టింది. ఆయన నడవడియే అందుకు కారణమని అప్పుడు చెప్పుకొన్నారు. మరుసటి సంవత్సరం ఎంపిక చేసినా అభిమానధనుడైన హార్వే ఆ సభకు వెళ్ళలేదు. ఆనాడు చేపలు పట్టడానికి వెళ్ళాడు. కొంతకాలం ఒట్టావా సమీపంలోని గుర్రపు పందేల మైదానం వద్ద ఒక పాత రైలు పెట్టెలో నివసించాడు. ఒకప్పటి ప్రధానమంత్రి జాన్ డీఫెన్‌బేకర్ ప్రయాణించిన పెట్టె అది. ఆరు కప్పులు గెలిచిన వీరునికి ఆనాటి నివాసం అదే.

చివరకు మాంట్రియల్ తన తప్పు తెలుసుకొన్నది. 1985 అక్టోబరు 26న ఆయన ధరించిన 2వ సంఖ్యను మరెవ్వరికీ ఇవ్వరాదని నిర్ణయించి, గౌరవసభ జరిపి, ఆయనకు యువ ఆటగాళ్ళను అన్వేషించే పనిని కల్పించింది. కాని అప్పటికే శరీరం శిథిలమైంది. 1989 డిసెంబరు 26న, అరవై ఐదవ జన్మదినం గడిచిన వారానికి, కాలేయ వ్యాధితో మాంట్రియల్‌లోనే ఆయన కన్నుమూశాడు. 2000 సంవత్సరంలో కెనడా ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

డగ్ హార్వే జీవితం నుండి మనం గ్రహించవలసినవి రెండు విషయాలు. ఆపద మీదికి వచ్చినప్పుడు తొందరపడి చేతిలోనిది పారవేసుకొనక, నిదానించి తగిన దారి వెదకడమే నిజమైన రక్షణ. ఇది ఆయన మనకు నేర్పిన పాఠం. రెండవది ఆయన పట్ల సమాజం చేసిన పొరపాటు నేర్పే పాఠం. గోలును కాపాడిన మనిషికి కూడా ఒకనాడు కాపాడేవారు కావలసివస్తారు. అతని బలహీనతను లెక్కించే ముందు అతని బాధను అడిగి తెలుసుకోవాలి. చేయదలచిన గౌరవాన్ని అతడు అందుకోగలిగిన కాలంలోనే చేయాలి. సంఖ్యను పదిలపరచడం సులభం. మనిషిని పదిలపరచుకోవడమే కష్టం. మాంట్రియల్ నగరం ఆలస్యంగా నేర్చుకొన్న ఈ సత్యాన్ని మనం సకాలంలో నేర్చుకొందుము గాక.