బందీగా ఉండి రాయబారి అయిన శంకరన్

లోకంలో అధికారం చేపట్టినవారు అనేకులు ఉంటారు. అధికారం వదలిన తరువాత కూడా ప్రజల నమ్మకాన్ని నిలుపుకొన్నవారు మాత్రం అరుదు. అట్టి అరుదైన పురుషులలో కీర్తిశేషులు ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. ఆయన జీవితాన్ని మా విద్యార్థి మిత్రుల ముందు ఉంచాలని ఈ చిన్న వ్యాసానికి పూనుకొన్నాము.

మన పేట పటాలాల కోసం వెలసిన బజారు అని రెజిమెంటల్ బజార్ అన్న పేరే చెబుతున్నది. ప్రభుత్వానికి ఆయుధబలం ఉంటుందని ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆయుధం పట్టినవారి చేతిలో అమాయకులు బందీలైనప్పుడు అంతటి ప్రభుత్వం కూడా తుపాకి పక్కనపెట్టి మాటను ఆశ్రయించవలసి వస్తుంది. ఆ మాట విలువను బందీగా ఒకసారి, మధ్యవర్తిగా మరొకసారి, రెండు వైపుల నుంచీ ఎరిగిన వ్యక్తి శంకరన్.

ఆయన 1934లో నేటి తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో జన్మించారు. 1950ల ద్వితీయార్ధంలో ఐ.ఎ.ఎస్.లో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. నెల్లూరు జిల్లా కలెక్టరుగా పనిచేశారు. కేంద్రమంత్రి మోహన్ కుమారమంగళం వద్ద ఉండి బొగ్గు గనుల జాతీయీకరణలో పాలుపంచుకొన్నారు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చిన తరువాత, సాంఘిక సంక్షేమ శాఖాధికారిగా ఆ చట్టాన్ని కాగితం మీద నుంచి గ్రామాలకు నడిపించిన ఘనత ఆయనది. త్రిపురలో ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి కాలంలో ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. షెడ్యూల్డు కులాల బాలబాలికల గురుకుల పాఠశాలలకు, వారి ప్రత్యేకాంశ ప్రణాళికకు ఆయన కృషి పునాదిగా నిలిచింది. అవివాహితులు. జీతంలో పెద్ద భాగం పేద విద్యార్థుల చదువులకు వెచ్చించిన నిరాడంబరుడు.

ఇట్టివారు 1987 డిసెంబరు ఆఖరి వారంలో ఒక విపత్తులో చిక్కుకొన్నారు. గిరిజన సంక్షేమ కార్యక్రమాల నిమిత్తం తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడుకు వెళ్లి తిరిగి వస్తున్న అధికారులను పీపుల్స్‌వార్ దళం అటకాయించి అడవిలోకి తీసుకొనిపోయింది. శంకరన్‌తోపాటు పలువురు ఐ.ఎ.ఎస్. అధికారులు బందీలైనారు. జైలులో ఉన్న తమ సహచరులను విడిచిపెట్టాలన్నది దళం కోరిక.

అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ముందు రెండు దారులున్నాయి. పోలీసు బలగాలను అడవిలోకి పంపితే దళం చిక్కవచ్చును గాని, బందీలు ప్రాణాలతో దక్కుతారన్న భరోసా లేదు. కోరికను మన్నిస్తే ప్రాణాలు దక్కుతాయి గాని, బెదిరింపుకు లొంగిందన్న అపకీర్తి ప్రభుత్వానికి మిగులుతుంది. ప్రభుత్వం ప్రాణాలనే ఎంచుకొన్నది. సికింద్రాబాదులో నివసించిన పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ మధ్యవర్తిత్వం వహించారు. రాజమండ్రి జైలులోని కొందరు నక్సలైటు ఖైదీలు విడుదలైనారు. కొద్ది రోజులలోనే అధికారులు క్షేమంగా ఇళ్లకు చేరారు.

ఆ నిర్ణయం సరియైనదేనా అని నేటికీ వాదించేవారున్నారు. ఆ వాదం తేలికగా తోసివేయదగినది కాదు. 1989 డిసెంబరులో కాశ్మీరులో కేంద్ర హోంమంత్రి కుమార్తె రుబయ్యా సయీద్ కోసం ఐదుగురు ఖైదీలను వదలవలసి వచ్చింది. 1991లో మన రాష్ట్రంలోనే శాసనసభ్యుడు సుధీర్ కుమార్ అపహరణకు గురైనారు. 1999లో కాందహారులో నిలిచిపోయిన విమానం కోసం ముగ్గురిని విడిచిపెట్టారు. ఒకసారి ఫలించిన ఉపాయాన్ని ఆయుధధారులు మరల మరల ప్రయోగిస్తారన్నది నిజం. అయితే బందీ ప్రాణాన్ని పణంగా పెట్టి ఆ పాఠం నేర్పే హక్కు ఎవరికున్నదన్న ప్రశ్న కూడా అంతే నిజం.

రాజీ అన్న మాట మన కళాశాలలోని ఉభయ భాషలలోనూ ఉన్నది. ఉర్దూలో దానికి సమ్మతించినవాడు, తృప్తి చెందినవాడు అని అర్థం. తెలుగులో అది తగవు తీర్చుకొనడమైంది. అప్పుడప్పుడు లొంగిపోయాడన్న నింద కూడా ఆ మాటకు అంటుకొంటుంది. బందీల విషయంలో ప్రభుత్వాలు చేసే రాజీకి ఈ అర్థాలన్నీ వర్తిస్తాయి. అందుకే బందీని విడిపించడంతో సరిపెట్టక, బందీలను పట్టే పరిస్థితినే మార్చాలని శంకరన్ తలచారు.

1992లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పదవీ విరమణ చేసి హైదరాబాదులో స్థిరపడ్డారు. గుర్తేడు ఘటన జరిగిన పదేళ్లకు, 1997లో, పౌర స్పందన వేదికకు సారథ్యం వహించారు. కన్నబిరాన్, పాత్రికేయులు పొత్తూరి వెంకటేశ్వరరావు, ఆచార్య హరగోపాల్ ప్రభృతులు ఆయన వెంట నిలిచారు. తనను బందీగా పట్టిన పార్టీతో ఆయన ద్వేషం లేకుండా మాటలాడారు. అలాగని మొగమాటమూ పడలేదు. ఎన్‌కౌంటర్ల పేరిట పోలీసులు చేసే హత్యలు చట్టవిరుద్ధమని ప్రభుత్వానికి చెప్పారు. ఇన్‌ఫార్మర్ల పేరిట సామాన్యులను చంపడం అన్యాయమని పార్టీకి చెప్పారు. ఉభయుల నడుమ నలిగే పల్లెవాసికి కూడా ఒక గొంతు ఉండాలన్నది వేదిక సిద్ధాంతం. ఇరుపక్షాలకూ లేఖలు వ్రాస్తూ, గ్రామాలు తిరుగుతూ, ఏళ్లపాటు ఓపికగా ఆ పని సాగించారు.

2002లో చర్చలకు జరిగిన ప్రయత్నం మొదట్లోనే ఆగిపోయింది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుపై దాడి జరిగింది. 2004లో ప్రభుత్వం మారిన తరువాత కాల్పులు ఆగినవి. అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాదులో హోంమంత్రి జానారెడ్డి నాయకత్వాన ప్రభుత్వ ప్రతినిధులు, రామకృష్ణ నాయకత్వాన మావోయిస్టు ప్రతినిధులు, జనశక్తి ప్రతినిధులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. బందీ ఎవరూ లేకుండా, గడువు బెదిరింపు లేకుండా భూమి సమస్యపై మాటలాడిన సందర్భమది. మధ్యవర్తులలో శంకరన్ ముఖ్యులు.

ఆ ఆశ ఎక్కువ కాలం నిలువలేదు. ఆయుధాలు ధరించి గ్రామాలలో తిరగడంపై ఉభయులకూ పొత్తు కుదరలేదు. ఎదురుకాల్పులు మరల మొదలై, 2005 జనవరిలో పార్టీ చర్చల నుంచి తప్పుకొన్నది. ఆ ఆగస్టు 15న నారాయణపేటలో శాసనసభ్యుడు నర్సిరెడ్డి మరికొందరితో సహా హత్యకు గురైనారు. రెండు రోజులకే నిషేధం తిరిగి వచ్చింది. అయినా ఆ ప్రయత్నం పూర్తిగా వ్యర్థం కాలేదు. భూసమస్యల పరిశీలనకు కోనేరు రంగారావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఆ కాలపు ఫలమే.

2005లో పద్మభూషణ్ పురస్కారం ప్రకటించగా శంకరన్ వినయంగా నిరాకరించారు. పాకీపని నిర్మూలనకై బెజవాడ విల్సన్ తదితరులు నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళనకు చివరిదాకా అండగా నిలిచారు. 2010 అక్టోబరు 7న పరమపదించారు.

ఐదు నెలలు తిరగకముందే, 2011 ఫిబ్రవరి 16న, ఒరిస్సాలోని మల్కన్‌గిరి కలెక్టరు, తెలుగు యువకుడు వినీల్ కృష్ణను మావోయిస్టులు అపహరించారు. రక్షకభటులు లేకుండా మారుమూల గ్రామాలకు వెళ్లిన అధికారి ఆయన. ప్రభుత్వం గాలింపును నిలిపివేసి మధ్యవర్తులను పిలిచింది. వారిలో శంకరన్ సహచరుడు హరగోపాల్ ఉన్నారు. ఫిబ్రవరి 24న కలెక్టరు ప్రాణాలతో తిరిగివచ్చారు. అట్టి మధ్యవర్తులను ఏ ప్రభుత్వమూ ఆపద వచ్చిన రోజున ఉత్తర్వుతో సృష్టించలేదు. ఏళ్ల తరబడి ఇరుపక్షాలకూ నిజం చెప్పి సంపాదించిన నమ్మకమే ఆ వేళకు అక్కరకు వస్తుంది.

మన విద్యార్థులలో రేపు కొందరు అధికారులు, న్యాయవాదులు, పాత్రికేయులు కావచ్చును. ఎదుటివాని తప్పును అతని ముఖం మీదనే చెబుతూ, అతనితో మాటను మాత్రం తెంచుకొనకుండా ఉండే విద్యను వారు శంకరన్ జీవితం నుంచి అభ్యసించాలని మా కోరిక. ఆ సత్పురుషుని స్మృతికి మా అంజలి.