చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798 నవంబర్ 10 - 1884 డిసెంబర్ 12) తెలుగు భాషకు, సాహిత్యానికి చిరస్మరణీయమైన సేవ చేసిన ఆంగ్లేయుడు. ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగిగా పనిచేస్తూ తెలుగు నేర్చుకొని, వేమన పద్యాలను సేకరించి ప్రచురించాడు. శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు వ్రాయించాడు. తెలుగు - ఇంగ్లీషు, ఇంగ్లీషు - తెలుగు నిఘంటువులను కూర్చాడు. తెలుగువారు వాడుకలో ఆయనను బ్రౌను దొర అని పిలుస్తారు. వేమనను వెలికితీసిన వ్యక్తిగా ఆయన అందరికీ తెలుసు. అయితే తెలుగువాడు ఇంగ్లీషు మాటను, ఇంగ్లీషువాడు తెలుగు మాటను అర్థంతోపాటు ప్రయోగంతో కూడా నేర్చుకొనే మార్గం వేసింది ఆయన నిఘంటువులే.

బాల్యం, విద్య

బ్రౌన్ కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు, బహుభాషావేత్త, ఫోర్ట్ విలియం కళాశాల నిర్వాహకులలో ఒకడు. పిల్లల చదువును ఆయనే స్వయంగా చూసుకొనేవాడు. 1812లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇంగ్లాండుకు తరలివెళ్ళింది. కంపెనీ కొలువు కోసం బ్రౌన్ హెయిలీబరీ కళాశాలలో శిక్షణ పొంది, 1817 ఆగష్టులో మద్రాసు చేరాడు. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క కూడా రాదు. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరాభ్యాసం జరిగింది. 1820లో పరీక్ష ఉత్తీర్ణుడై కడప కలెక్టరుకు సహాయకుడిగా నియమితుడయ్యాడు. అధికారులు స్థానిక భాషలలోనే వ్యవహరించాలని గవర్నరు థామస్ మన్రో పట్టుపట్టిన కాలమది.

మాటల కొరత

కళాశాలలో నేర్చిన తెలుగుకు, కచేరీలో రైతు మాట్లాడే తెలుగుకు చాలా దూరం ఉండేది. పండితులు కావ్యభాషను బోధించేవారు. అర్జీలు, సాక్ష్యాలు, బేరసారాలు మరో తెలుగులో నడిచేవి. బ్రౌన్ కంటే ముందే ఈ రంగంలో కృషి జరగకపోలేదు. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక అనే నిఘంటువును కూర్చాడు. ఎ.డి. కాంప్‌బెల్ 1816లో వ్యాకరణాన్ని, 1821లో నిఘంటువును ప్రకటించాడు. ఆ తరువాత జె.సి. మోరిస్ ఇంగ్లీషు - తెలుగు నిఘంటువు 1835, 1839 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడింది. ఇవన్నీ ఉపయోగకరమైనవే. కానీ ఒక మాటకు ఎదురుగా మరో మాట ఉంచితే చాలదన్న సంగతి బ్రౌన్‌కు విద్యార్థి దశలోనే అనుభవమైంది.

ఉదాహరణకు తెలుగులో పట్టు అనే క్రియను తీసుకుంటే, చేపలు పట్టడం, నిద్ర పట్టడం, బూజు పట్టడం, పంతం పట్టడం వేరువేరు సంగతులు. ఇంగ్లీషులో వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క క్రియ కావాలి. అటునుంచి చూసినా ఇదే చిక్కు. టేక్ అంటే తీసుకొను అని మాత్రమే వల్లించిన తెలుగు విద్యార్థికి, అదే క్రియ పక్కన ప్లేస్ చేరితే జరుగు అనీ, ఆఫ్ చేరితే విప్పు అనీ అర్థం వస్తుందని ఎవరో వాక్యంలో పెట్టి చూపితే తప్ప తెలియదు. పెద్ద పెద్ద సంస్కృత సమాసాల కన్నా, లాటిను మూలం గల బరువైన ఇంగ్లీషు మాటల కన్నా, ఇటువంటి చిన్న క్రియలే పరభాషవాడిని ఎక్కువగా తికమకపెడతాయి.

వేమన, కడప బంగళా

1822 తరువాత బ్రౌన్ మచిలీపట్నంలోను, రాజమండ్రిలోను పనిచేశాడు. ఫ్రెంచి మతాచార్యుడు దుబాయ్ వ్రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన చూసి ఆ పద్యాల కోసం వెదకసాగాడు. 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. 1839లో వచ్చిన రెండవ కూర్పులో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది. పండితులు అంతగా ఆదరించని ఈ పద్యాలలో నాటి జనుల నుడికారం దండిగా ఉండడం నిఘంటుకర్తకు కలిసివచ్చింది.

1826లో కడపకు తిరిగివచ్చి, తోటతో కూడిన ఒక బంగళాను కొన్నాడు. అక్కడ తన సొంత జీతం నుండి వేతనాలిచ్చి పండితులను, లేఖకులను నియమించాడు. దానిని జనం బ్రౌన్ కాలేజీ అనేవారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటివారు ఆయన వద్ద పనిచేశారు. వారు ప్రతులను సేకరించి, పాఠభేదాలను పోల్చి, కావ్యాలకు టీకలు వ్రాసేవారు. అప్పయ్య టీకతో మనుచరిత్ర 1851లో అచ్చయింది. నిఘంటువులపై బ్రౌన్ పేరు ఒక్కటే కనిపించినా, వాటి వెనుక ఈ పండితుల శ్రమ చాలా ఉంది. వారికి దక్కవలసిన ఖ్యాతి దక్కలేదనే చెప్పాలి. ఈ ఖర్చుల వల్ల బ్రౌన్ అప్పులపాలయ్యాడు.

1832-33 నాటి డొక్కల కరువు తరువాత ఆయన ఉద్యోగ జీవితం ఒడిదుడుకులకు లోనైంది. 1830ల మధ్యలో ఉద్యోగం పోయి ఇంగ్లాండుకు వెళ్ళవలసివచ్చింది. అక్కడ కూడా ఊరకుండలేదు. లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడివున్న రెండువేలకు పైగా దక్షిణాది వ్రాతప్రతులను గుర్తించి, వాటిని మద్రాసుకు చేర్పించాడు. 1837లో తిరిగివచ్చి ప్రభుత్వ పారశీక అనువాదకుడిగా, ఆ తరువాత పోస్టుమాస్టర్ జనరల్‌గా పనిచేశాడు. 1840లో ఆయన తెలుగు వ్యాకరణం వెలువడింది.

నిఘంటువులు

రెండు దశాబ్దాలకు పైగా సాగిన పదసేకరణ ఫలితంగా తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసు వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సంఘం ముద్రణాలయంలో అచ్చయింది. వ్యవహారంలోని వాడుకభాషను, కావ్యభాషను రెండింటినీ వివరిస్తానని బ్రౌన్ దాని ముఖపత్రంలోనే ప్రకటించాడు. పదానికి అర్థం ఇంగ్లీషులో ఇస్తూ, తరచుగా తెలుగులో కూడా వివరణ ఇచ్చాడు. మనుచరిత్ర, వసుచరిత్ర వంటి ప్రబంధాల నుండి, వేమన నుండి ప్రయోగాలు చూపాడు. వాటి పక్కనే ఇంట్లో, సంతలో, కచేరీలో వినిపించే వాక్యాలు కూడా చేర్చాడు. గ్రామ్యమని పండితులు పక్కనపెట్టిన మాటకు, ప్రబంధంలోని మాటకు ఒకే పుటలో చోటు దొరకడం ఆ కాలానికి సాహసమే.

దీనికి జోడుగా వచ్చిన ఇంగ్లీషు - తెలుగు నిఘంటువు ప్రధానంగా ఇంగ్లీషు జాతీయాలను, పదబంధాలను తెలుగులో వివరించడానికి ఉద్దేశించినది. ఇంగ్లీషు మాటల ఉచ్చారణ కూడా ఇందులో ఇచ్చాడు. మాటకు అర్థం, ఆ మాట గల చిన్న వాక్యం, ఆ వాక్యానికి తెలుగువాడు నిజంగా అనే మాట, ఇదీ ఆయన పద్ధతి. ఇందులోని తెలుగు వాక్యాలు చాలావరకు మాట్లాడే తెలుగులోనే ఉంటాయి. అందువల్ల ఇంగ్లీషు నేర్చుకోవడానికి తెరచిన విద్యార్థికి పందొమ్మిదవ శతాబ్దపు తెలుగు వాడుక కూడా దొరుకుతుంది.

1854లో మిశ్రభాషా నిఘంటువు ప్రత్యేకంగా వెలువడింది. పారశీకం, అరబ్బీ, హిందూస్థానీ, ఇంగ్లీషు మొదలైన భాషల నుండి తెలుగులో చేరిన మాటలకు ఇది కోశం. బ్రౌన్ ఉద్యోగం చేసినదంతా కంపెనీ జిల్లాలలోనే. నిజాం ఏలుబడిలో ఉన్న సిద్దిపేట, మెదక్ ప్రాంతాలతో ఆయనకు ఉద్యోగ సంబంధం లేదు. అయినా రైతు, దస్తావేజు, హుకుం, జమాబందీ వంటి ఇదే కోవకు చెందిన మాటలు అక్కడి జనం నోట మరింత విస్తారంగా వ్యవహరించేవి. కనుక తెలంగాణ పాత దస్తావేజులు చదివేవారికి ఈ కోశం అక్కరకు వస్తుంది.

ఈ నిఘంటువులలో లోపాలు లేకపోలేదు. కొన్ని వ్యుత్పత్తులు నిలబడవు. కొన్నిచోట్ల పండితుల పట్ల, ప్రాచీన సంప్రదాయం పట్ల బ్రౌన్ తీర్పులు దురుసుగా ఉంటాయి. కంపెనీ అధికారి దృష్టి అక్కడక్కడా తొంగిచూస్తుంది. 1903లో ఎం. వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్. కాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం తెలుగు - ఇంగ్లీషు నిఘంటువును సవరించి రెండవ కూర్పు తెచ్చారు. ఇంగ్లీషు నేర్చే విద్యార్థుల చేతులలోకి తరువాతి కాలంలో శంకరనారాయణ నిఘంటువు ఎక్కువగా వచ్చింది. అయినా ఒక పాత మాట ఎలా వాడేవారో వాక్యంలో చూడాలంటే ఇప్పటికీ బ్రౌన్‌నే తెరవాలి.

చివరి రోజులు

అనారోగ్యం వల్ల పదవీ విరమణ చేసి 1855లో లండను చేరాడు. అక్కడ లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా కొంతకాలం పనిచేశాడు. తన సాహిత్య జీవితాన్ని గురించి ఒక చిన్న గ్రంథం వ్రాసుకున్నాడు. అవివాహితుడిగానే ఉండిపోయిన బ్రౌన్ 1884 డిసెంబర్ 12 న తన 86 ఏళ్ళ వయసులో లండనులో మరణించాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

ఇరవయ్యవ శతాబ్దంలో బంగోరె (బండి గోపాలరెడ్డి) బ్రౌన్ లేఖలను, రచనలను శోధించి వెలుగులోకి తెచ్చాడు.  కడపలో ఆయన బంగళా ఉండిన స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో సి.పి. బ్రౌన్ స్మారక గ్రంథాలయం వెలసింది. 2006లో దీనిని యోగి వేమన విశ్వవిద్యాలయానికి అప్పగించారు.