కృతి యొకరిది, హక్కు వేరొకరిది

జనగామ జిల్లాలో పాలకుర్తికి సమీపముననున్న బమ్మెర గ్రామము మహాకవి పోతన నివసించిన చోటని ప్రసిద్ధి. ఆయన తన భాగవతమును రాజునకు అంకితమిచ్చుటకు నిరాకరించి భగవంతునకే సమర్పించెనను కథ తెలుగు బాలురందరు ఎరిగినదే. కృతికర్తకు తన కృతిపై గల అధికారమే ఆ కథకు ప్రాణము. దానిని వెండితెరపై నిలిపిన దర్శకుడు కదిరి వెంకటరెడ్డి. కె. వి. రెడ్డిగా లోకమెరిగిన ఆయనకు మాత్రము తన ప్రసిద్ధ చిత్రములపై అట్టి అధికారము లేకపోయెను.

1912 జూలై 1వ తేదీన అనంతపురం జిల్లా తాడిపత్రిలో ఆయన జన్మించెను. వాహినీ సంస్థలో తొలుత నిర్మాణ వ్యవహారములు చూచుచుండెను. 1943లో భక్తపోతన చిత్రముతో దర్శకుడయ్యెను. పోతన పాత్రను చిత్తూరు వి. నాగయ్య ధరించెను. చిత్రము ఘనవిజయము నందెను. పిదప యోగి వేమన (1947), గుణసుందరి కథ (1949), విజయావారి పాతాళభైరవి (1951) వెలువడినవి.

చిత్రీకరణకు పూర్వమే కథయు సంభాషణలును సంపూర్ణముగా సిద్ధము కావలెననునది ఆయన నియమము. ప్రతి సన్నివేశమునకు పట్టు కాలమును ముందే గడియారముతో కొలిచెడివాడు. అట్టి దీక్షకు ఫలము 1957 మార్చి 27న విడుదలయైన మాయాబజార్. పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము దానికి వన్నె తెచ్చినవి. అయినను అది నిర్మాతలైన నాగిరెడ్డి, చక్రపాణుల విజయా సంస్థకు చెందిన సొత్తు. ఆ సంవత్సరమే వచ్చిన కాపీరైటు చట్టము సైతము చలనచిత్రమునకు అది పూర్తియైననాటి యజమానినే కర్తగా పరిగణించినది.

1963లో శ్రీకృష్ణార్జున యుద్ధమును ఆయన స్వయముగా నిర్మించి, దర్శకత్వము వహించెను. 1971లో వచ్చిన శ్రీకృష్ణసత్య అనంతరము, 1972 సెప్టెంబరు 15న కీర్తిశేషుడయ్యెను. చిత్రములు క్యాసెట్లుగా, డిస్కులుగా తెలుగువారి యిండ్లకు వచ్చు కాలమును ఆయన చూడలేదు.

ఆ కాలము వచ్చిన పిదప హక్కులు చేతులు మారినవి. 2007లో హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ మాయాబజార్ మున్నగు చిత్రముల నెగటివు హక్కులు కొని, 2010 జనవరి 30న మాయాబజార్‌ను వర్ణచిత్రముగా విడుదల చేసెను. తక్కిన చిత్రములకు ఆ భాగ్యము కలుగలేదు. పలువురు నిర్మాతలు టెలివిజను సంస్థలకు హక్కులు అమ్ముకొనియుండుటచే, యజమాని ఎవరనునదే చిక్కుముడి యయ్యెను. హాలీవుడ్‌లోను ఇదే గతి. 1939 నాటి గాన్ విత్ ద విండ్ చిత్రము ఎం.జి.ఎం. భాండారముతో 1986లో టర్నర్ వశమై, 1996లో టైమ్ వార్నర్‌ను చేరెను. దర్శకుడు విక్టర్ ఫ్లెమింగ్ 1949లోనే గతించియుండెను.

2010లోనే మన పార్లమెంటు ముందుకు వచ్చిన సవరణ బిల్లు, ప్రధాన దర్శకుని సైతము నిర్మాతతోపాటు కర్తగా గుర్తింపదలచినది. 2012లో చట్టమైనప్పుడు ఆ అంశమునకు చోటు దక్కలేదు.

బమ్మెర పోతన తన కృతిని తలచినవారికి సమర్పింపగలిగెను. ఆయన కథను చెప్పిన కె. వి. రెడ్డికి మిగిలినది తెరపై నామమొక్కటే. హక్కు పత్రములు ఎన్ని చేతులు మారినను ఆ నామము మారలేదు. బాలురు మాయాబజార్ చూచునపుడు ఆ పేరు గుర్తుంచుకొనునట్లు చేయుట పెద్దల విధి.