సుసాన్ బి. ఆంథోనీ

సుసాన్ బి. ఆంథోనీ (ఫిబ్రవరి 15, 1820 - మార్చి 13, 1906) అమెరికాలో స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన సంఘ సంస్కర్త. ఎలిజబెత్ కేడీ స్టాంటన్‌తో ఈమెకు ఏభై యేళ్ళకు పైగా సాగిన స్నేహం ఆ ఉద్యమానికి వెన్నెముకగా నిలిచింది.

బాల్యం
సుసాన్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆడమ్స్‌లో, క్వేకర్ సంప్రదాయాన్ని పాటించే ఇంట జన్మించింది. కొంతకాలం ఉపాధ్యాయినిగా పనిచేసింది. ఒకే పనికి స్త్రీలకు పురుషులకన్నా తక్కువ జీతమివ్వడాన్ని ఆమె స్వయంగా చవిచూసింది.

స్టాంటన్‌తో స్నేహం
1848లో సెనెకా ఫాల్స్‌లో జరిగిన మహిళా హక్కుల సదస్సు నిర్వాహకులలో స్టాంటన్ ముఖ్యురాలు. 1851లో అదే ఊరిలో వీరిద్దరికీ పరిచయమైంది. స్టాంటన్ న్యాయమూర్తి కుమార్తె, గృహిణి. క్రమంగా ఏడుగురు బిడ్డల తల్లి అయింది. ఇల్లు విడిచి తిరగడానికి ఆమెకు వీలు తక్కువ. సుసాన్ అవివాహిత. స్టాంటన్ రచనలో దిట్ట కాగా, సుసాన్ సంఘ నిర్మాణంలో సమర్థురాలు. స్టాంటన్ ఉపన్యాసాలు వ్రాస్తుండగా సుసాన్ పిల్లలను చూసుకొనేది. ఆపై ఊరూరా తిరిగి సభలలో ప్రసంగించేది.

ఉద్యమం
1863లో వీరు స్థాపించిన సంఘం బానిసత్వ నిర్మూలన కోరుతూ సుమారు 4 లక్షల సంతకాలు సేకరించింది. 1868లో 'ది రివల్యూషన్' వారపత్రికను ప్రారంభించారు. పత్రిక మిగిల్చిన 10,000 డాలర్ల అప్పును సుసాన్ ఒక్కతే ఉపన్యాసాల ఆదాయంతో 1876 నాటికి తీర్చింది. నల్లజాతి పురుషులకు ఓటు హక్కునిచ్చే 15వ రాజ్యాంగ సవరణలో స్త్రీలకు చోటు లేనందున ఇద్దరూ దానిని వ్యతిరేకించారు. ఆ సందర్భంలో స్టాంటన్ నల్లజాతివారిని కించపరుస్తూ వ్రాసిన మాటలు తీవ్ర విమర్శకు గురయ్యాయి. 1872లో సుసాన్ రోచెస్టర్‌లో ఓటు వేసి అరెస్టయింది. న్యాయస్థానం విధించిన 100 డాలర్ల జరిమానాను ఆమె ఎన్నడూ చెల్లించలేదు.

అభిప్రాయభేదాలు
విడాకుల చట్టం, మతం వంటి విషయాలను కూడా ప్రశ్నించాలని స్టాంటన్ పట్టుబట్టేది. ముందుగా ఓటు హక్కు సాధించాలన్నది సుసాన్ అభిమతం. 1895లో స్టాంటన్ ప్రచురించిన 'ది ఉమన్స్ బైబిల్'తో తమకు సంబంధం లేదని 1896లో ఓటు హక్కు సంఘం 53-41 ఓట్లతో తీర్మానించింది. సంఘాధ్యక్షురాలైన సుసాన్ ఆ పుస్తకాన్ని మెచ్చకపోయినా, స్నేహితురాలి పక్షాన నిలిచి తీర్మానాన్ని వ్యతిరేకించింది.

చివరి రోజులు
స్టాంటన్ 87వ పుట్టినరోజుకు వెళ్ళాలని సుసాన్ అనుకొంటుండగా, కొద్దిరోజుల ముందే, 1902 అక్టోబరు 26న స్టాంటన్ మరణించింది. సుసాన్ 1906లో రోచెస్టర్‌లో కన్నుమూసింది. స్త్రీలకు ఓటు హక్కును కల్పించిన 19వ రాజ్యాంగ సవరణ 1920లో అమలులోకి వచ్చింది. దానిని చూసే అవకాశం ఇద్దరికీ దక్కలేదు. 1979లో అమెరికా ప్రభుత్వం సుసాన్ ముఖచిత్రంతో డాలరు నాణెం విడుదల చేసింది.