శంకర్ గుహా నియోగి

భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారి చేతులమీదుగా ప్రారంభమయ్యెను. ఆ అగ్నిని నమ్ముకొని దేశము నలుమూలల నుండి జనులు తరలివచ్చిరి. ఉత్తరాంధ్రమునుండి వచ్చిన తెలుగువారును వారిలో పెక్కుమంది. వంగదేశమున జల్పాయిగుడి నుండి వచ్చిన యువకుడొకడు కోకు ఓవెను విభాగమున పనిలో చేరెను. 1943 ఫిబ్రవరి 14న జన్మించిన యాతనికి తలిదండ్రులు పెట్టిన పేరు ధీరేశుడు. శంకర్ గుహా నియోగి యని లోకమెరిగినది పిమ్మట.

శ్రామికులను కూడగట్టినందున ఆయన ఉద్యోగము పోయెను. అటుపై కొన్ని యేండ్లు ఛత్తీస్‌గఢ పల్లెలలో తిరుగుచు, మేకలమ్మియు, చేపలుపట్టియు, కూలిచేసియు పొట్టపోసికొనెను. ఆ జనుల భాషను తన మాతృభాష యన్నంతగా నేర్చెను. దానీటోలా గనిలో రాళ్లు కొట్టుచున్నప్పుడే తోడి కూలియైన ఆశను వివాహమాడెను. పండితుడు దీనుల నుద్ధరింపవచ్చుట వేరు, దీనులలో నొకడై బ్రదుకుట వేరు. పిదప ఆయన మాటకు గలిగిన బలమంతయు ఈ రెండవదానినుండియే పుట్టినది.

అత్యయిక పరిస్థితి కాలమున ఆయన కారాగారమున నుండెను. 1977లో వెలుపలికి రాగానే, భిలాయికి ఇనుపరాయి నందించు దల్లీ-రాజ్‌హరా గనులలోని కాంట్రాక్టు కూలీలు ఆయనను తమ సంఘమునకు నాయకునిగా వరించిరి. ఆ సంవత్సరము జూన్ 2, 3 తేదీలలో పోలీసు కాల్పులకు 11 మంది బలియైరి. వారిలో ఒక స్త్రీయు, ఒక బాలుడును గలరు. అయినను పోరాటము నిలిచెను, కూలి పెరిగెను.

చిత్రమేమనగా అసలు కష్ట మిచటనే మొదలైనది. పెరిగిన కూలి ఇంటికి చేరకుండ సారా దుకాణమునకు నడచెను. రోజంతయు రాయి మోసిన యొడలినొప్పి మరపించుటకు త్రాగుట ఆ గనులలో ఆచారమై పోయియుండెను. త్రాగుడు పాపమని ఉపదేశించి యూరకుండినచో వినువారెవరు? నియోగి అట్లు చేయలేదు. నెత్తురు చిందించి తెచ్చుకొన్న కూలిని మరల సారా వర్తకుని గల్లాపెట్టెలో పోయుట మరణించినవారి ఋణమును మరచుటయే యని సంఘమునందు చర్చకు పెట్టెను. వాడవాడలా సభలు జరిగెను. భర్తల వ్యసనముచే ఆకలి నెరిగిన స్త్రీలే వానికి ప్రాణమైరి. త్రాగువాడు తనవారి నడుమ నిలిచి మానెదనని మాట యిచ్చెడివాడు. మాట తప్పినచో జరిమానా యుండెడిది. అయితే జరిమానాకంటె మిన్నగా పనిచేసినది పొరుగువాని చూపు. ఇట్లు వేలమంది త్రాగుడు మానిరి.

ఒంటరిగా గెలువలేని వ్యసనమును గుంపుగా గెలుచుట నియోగి కనుగొన్న విద్య కాదు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమునకు పనిమీద వచ్చిన బిల్ విల్సను అను వ్యక్తి, మరల త్రాగుదునేమో యను భయముతో, తనవంటి మరియొక త్రాగుబోతు కొరకై చర్చీలకు ఫోనుచేసి వెదకెను. అట్లు దొరికిన డాక్టరు బాబ్ స్మిత్తుతో గలిసి ఆయన ఆరంభించిన సమావేశములే నేడు దేశదేశముల నడచుచున్నవి. విల్సను వెదకినది ఉపదేశకుని గాదు, తనవంటివానిని. నేడు కోహ్కా సందులలో ఆ వ్యసనమునుండి బయటపడదలచు తెలుగు కార్మికుడు వెదకవలసినదియు ఇదియే; తన భాష తెలిసి, తన పని తెలిసి, తన్ను చులకన చేయని కూటమి. ఛత్తీస్‌గఢమునకు ఇది యింకను పాతమాట. గిరోద్‌లో పుట్టిన గురు ఘాసీదాసు అనుయాయులకు మద్యమును నిషేధించి, ఆ నియమమును సమాజమంతటి వ్రతముగా చేసియుండెను.

సారా వర్తకులకు ఇది కంటగింపయ్యెను. 1981లో నియోగి జాతీయ భద్రతా చట్టము క్రింద నిర్బంధింపబడెను. ఆ యేటనే బినాయక్ సేన్ మొదలగు యువవైద్యులు దల్లీ-రాజ్‌హరా చేరిరి. 1983 జూన్ 3న, కాల్పులలో మరణించినవారి పేర, శ్రామికుల చందాలతో, వారి చేతులతోనే కట్టిన షహీద్ ఆసుపత్రి తెరువబడెను. ఇది మద్యవిముక్తికి సంబంధములేని విషయము కాదు. ఏండ్లతరబడి త్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. సంకల్పమునకు సభ చాలును గాని, ఆ మొదటి దినములకు వైద్యుడు కావలెను.

1990 నుండి నియోగి భిలాయి ప్రైవేటు కర్మాగారముల శ్రామికుల పక్షమున నిలిచెను. 1991 సెప్టెంబరు 28న తెల్లవారకమునుపే, నిద్రించుచున్న ఆయనను హంతకుడు కిటికీనుండి కాల్చి చంపెను. వయస్సు 48 సంవత్సరములు. హత్యాభియోగము పై న్యాయస్థానములకు ప్రాకి, 2005లో సుప్రీంకోర్టు కాల్చినవానికి యావజ్జీవ శిక్ష విధించి, తక్కినవారిని విడిచిపెట్టెను. ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా కప్పిన భౌతికకాయమును దల్లీ-రాజ్‌హరాకు గొనిపోయిరి. గని పనివారు, వారి భార్యాబిడ్డలు దానివెంట నడచిరి.